ముక్కు కాలేషా

కొబ్బరి చిప్పలు బాగా అంటుకున్నాక కాలేషా వాటి మీద పాత మట్టి మూకుడు బోర్లించి, అంచుల చుట్టూ తడి ఇసుక పోశాడు. ఇక లోపల గాలి ఆడదు. అరగంటలో చిప్పలన్నీ నల్లటి బొగ్గులైపోతాయి. ఆ బొగ్గులు రేకు డబ్బాలో పోసుకుని పనికి బయల్దేరడం అతనికి ఇరవై ఏళ్ళ అలవాటు. ప్లంబరు సంచిలో రెంచీలు, టేపు, రంపపు బ్లేడు ఉండటం మామూలే. బొగ్గుల డబ్బా, సాంబ్రాణి పొట్లం, పొడుగు పిడి ఉన్న ఇత్తడి ధూపం గిన్నె ఉండటం మాత్రం ఏలూరు మొత్తం మీద ఒక్క కాలేషా సంచిలోనే.

ఆ గిన్నె వాళ్ళ నాన్నది. ఆయన గురువారం, శుక్రవారం పొద్దున్నే బజారులో కొట్టు కొట్టుకీ తిరిగి, నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి చల్లి, నెమలీకల కట్టతో పొగను లోపలికి విసిరేవాడు. ఆ పొగ తగిలితే కొట్టుకి దిష్టి పోతుందని అందరి నమ్మకం. వెనకాలే తిరిగిన కాలేషాకి దిష్టి సంగతి తెలీలేదు గానీ పొగ సంగతి బాగా తెలిసింది. పొగ అబద్ధం ఆడదు. గాలి ఎటు లాగితే అటు పోతుంది, వెంట్రుక పట్టేంత సందున్నా కనిపెడుతుంది. పెద్దయ్యాక గొట్టాల పని నేర్చుకుంటున్నప్పుడు ఈ ముక్క గుర్తుకొచ్చింది. వాసన కూడా గాలేగా. వాసన వచ్చే దారినే పొగా వస్తుంది, కాకపోతే పొగ కంటికి కనిపిస్తుంది.

అలా అతను ముక్కు కాలేషా అయ్యాడు. ఎంత కడిగినా పోని బాత్రూం వాసన ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలంటే అతన్నే పిలిచేవారు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఇది బేసిన్ కింద గొట్టమండి" అనో, "ఇది పెరట్లో ఛాంబరు మూతండి" అనో చెప్పేసేవాడు. పొగ వేసేది ఇంటివాళ్ళకి సాక్ష్యం చూపించడానికే. ముక్కు చెప్పిన చోటు నుంచే పొగ బయటికొచ్చేది.

ఆ ముక్కు నాలుగేళ్ళ క్రితం పోయింది. ఊరంతా జ్వరాలతో మంచం పట్టిన వేసవిలో కాలేషా కూడా పదకొండు రోజులు పడుకున్నాడు. లేచాక ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి వంటిల్లంతా పొగ కమ్మినా, అది కంటికి కనిపించేదాకా అతనికి తెలియలేదు. ఒళ్ళు కోలుకుంది, వాసన తిరిగి రాలేదు. అత్తరూ లేదు, కుళ్ళిన చేపా లేదు. ఎవరికీ చెప్పలేదు. నాలుక పోయిన వంటవాడు ఏ పెళ్ళివాళ్ళకి చెప్పుకుంటాడు? అప్పటి నుంచి గుమ్మంలో నిలబడి గాలి పీల్చడం ఉత్త నాటకం. పనంతా పొగే చేస్తోంది. విచిత్రమేమంటే పని మరింత రంజుగా మారింది. ఇదివరకు ముక్కు ముందే చెప్పేసేది. ఇప్పుడు ప్రతి ఇల్లూ ఒక వేట. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, సంచి భుజాన వేసుకునేటప్పుడు కుర్రాడికున్నంత ఉత్సాహం.

భార్య మహబూబ్ బీ టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చింది.

"ఏవండీ, మెంతికూర పప్పు పెట్టాను. వెల్లుల్లి కాస్త ఎక్కువ పడింది, మూత తీయగానే ఘాటు కొడతది."

కొన్నేళ్ళుగా ఆవిడకి ఇదొక అలవాటు. డబ్బా చేతికిస్తూ అందులో ఏముందో, ఎలాంటి వాసన వస్తోందో చెప్పి మరీ ఇస్తుంది. వయసు మీద పడితే మాటలు పెరుగుతాయి కాబోలు అనుకున్నాడు కాలేషా. తెలివైనవాడే గానీ, సొంతింటి విషయాల్లో ఆ తెలివి కాస్త ఆలస్యంగా నిద్ర లేస్తుంది.

"ఇవాళ ఎక్కడికి?"

"గుండుగొలను. ముగ్గురు ప్లంబర్లు చూసి చేతులెత్తేశారంట," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం పెళ్ళికి బయల్దేరినవాడి మొహంలా ఉంది. మహబూబ్ బీ నవ్వి, చొక్కా కాలరు సరిచేసి పంపింది.

హైవే మీద చేపల లారీలు నీళ్ళు కారుస్తూ పోతున్నాయి. ఆ తుంపర్లు తప్పించుకుంటూ మోపెడ్ నడిపాడు. ఇదివరకైతే దెందులూరు దాటాక కుడివైపు నుంచి కొల్లేటి గాలి పలకరించేది. నాచు, బురద, చేప, తడిసిన తుంగ, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు ఆ గాలి చెంపకు చల్లగా తగిలి ఊరుకుంటోంది. అందుకు బెంగ పడే తీరిక ఇవాళ అతనికి లేదు. ముగ్గురు ఓడిపోయిన ఇల్లు ముందుంది.

అది లేత ఆకుపచ్చ రంగు వేసిన రెండంతస్తుల డాబా. ఆ ఇంటి కోడలు బిందు గేటు దగ్గరే నిలబడి ఉంది. స్కూల్లో లెక్కల టీచరు, ఈ పని కోసం సెలవు పెట్టింది. సున్నితంగా మాట్లాడే మనిషి. ఆ చేతులు మాత్రం ఆసిడ్ తగిలి తగిలి వేళ్ళ చివర్లు పొట్టు రేగి ఉన్నాయి.

"రోజూ నేనే కడుగుతానండి," అంది. "ఆసిడ్, ఫినాయిలు, బ్లీచింగు అన్నీ అయిపోయాయి. వెనిగరూ వంటసోడా కలిపి పోస్తే పోతదంటే అదీ చేశాను. కర్పూరం పెట్టాను, నిమ్మచెక్కలు పెట్టాను, కాఫీపొడి గిన్నెలో పోసి పెట్టాను. రెండు గంటలు బాగుంటది, మళ్ళీ మామూలే. మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకోడం మానేశామండి. వచ్చినవాళ్ళు పాట పాడతా పాడతా ముక్కు దగ్గర కొంగు పెట్టుకుంటంటే నాకు తల కొట్టేసినట్టయింది."

"ఎప్పటి నుంచమ్మా?"

"క్రిస్మస్ దగ్గర్నుంచండి. ఏడు నెలలు." ఆమె గొంతు తగ్గించింది. "మావయ్య గారు తుంటి ఎముక విరిగి, ఆస్పత్రి నుంచి వచ్చింది కూడా అప్పుడేనండి. కింద గదిలో ఉంటారు. పాపం, ఆయన తప్పేం లేదు. వయసు."

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. మనిషి వచ్చిన వారమే వాసనా వచ్చింది కాబట్టి, రెండూ ఒకటేనని ఇల్లంతా తీర్మానించుకుంది. గట్టిగా ఎవరూ అనలేదు. అనకపోవడమే మర్యాద అనుకున్నారు.

బిందు భర్త చంటి మేడ దిగి వచ్చాడు. చేపల చెరువుల్లో గాలి తిప్పే ఏరేటర్లు అమ్మే షాపు అతనిది. నమస్కారం పెట్టి, అసలు సంగతి తనే చెప్పాడు.

"నాన్న ఇవాళ సాయంత్రం కైకలూరు వైపు వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతానంటన్నాడండి. మేం పంపట్లేదు. ఆయనే ఫోన్ చేసి మాట్లాడుకున్నాడు, ఆటో కూడా ఆయనే చెప్పుకున్నాడు. నాలుగింటికి వస్తది. వాసన తన వల్లేనని ఆయన మనసులో పడిపోయింది. కాదని మీరు తేల్చగలిగితే ఆగుతాడేమోనని మా ఆశ."

కాలేషా గోడ గడియారం చూశాడు. పదీ పావు.  ఇంతవరకు వాసనల కోసం వెతికాడు గానీ, ఒక మనిషి ఇంట్లో ఉంటాడా పోతాడా అన్నది తన పొగ మీద ఆధారపడటం ఇదే మొదటిసారి. గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేసి గట్టిగా గాలి పీల్చి, "ఊఁ" అన్నాడు. ఆ ఊఁకి అర్థమేమీ లేదు. మొగుడూ పెళ్ళాలు మాత్రం ఒకరి మొహం ఒకరు ఆశగా చూసుకున్నారు.

పెరట్లో సెప్టిక్ ట్యాంకుకి పది అడుగుల అవతల, గాలి తగలని మూల చూసుకుని బొగ్గులు రాజేశాడు. ట్యాంకు పక్కన నిప్పు పెట్టేవాడు ప్లంబరు కాదు, పిచ్చివాడు. నిప్పు దూరంగా ఉండాలి, పొగ మాత్రమే దగ్గరికి పోవాలి. ధూపం గిన్నెను మోపెడ్ మీద తెచ్చిన రేకు పెట్టెలో పెట్టి, దానికి చేత్తో తిప్పే గాలి మర ఒక పక్క, పొడుగాటి రబ్బరు గొట్టం ఇంకో పక్క బిగించి, గొట్టం కొసను, ఇంటి మురుగు గొట్టాలన్నీ కలిసే ఛాంబరులోకి దించాడు. సాంబ్రాణి చల్లి మర తిప్పడం మొదలుపెట్టాడు. తెల్లటి పొగ భూమి లోపలికి పోయింది.

మర పిడి చంటి చేతికిచ్చాక ఇక ఇల్లంతా పరుగే. పై బాత్రూం, కింద బాత్రూం, వంటింటి తూము, వాష్ బేసిన్ల కింద, కమోడ్ల మొదట్లో సిమెంటు అతుకుల దగ్గర, మోకాళ్ళ మీద పాకి మరీ చూశాడు. ఎక్కడా పొగ జాడ లేదు. గాలి గొట్టం సరిగ్గా ఉందా అని చంటిని అడిగాడు. ట్యాంకులో పుట్టే గాలి పైకి పోవడానికి డాబా మీదికి నిలబెట్టే గొట్టం అది. "ఉందండి, పైనే ఉంది," అన్నాడు చంటి. కాలేషా పెరట్లోంచి తలెత్తి చూశాడు. డాబా మీద దండేలకి ఆరేసిన చీరలు రెపరెపలాడుతున్నాయి. సరే ఉంది కాబోలు అనుకున్నాడు. తన కంటితో చూడనిది నమ్మకూడదన్న మాట అతను ఇరవై ఏళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చినదే. ఎదటివాళ్ళకి చెప్పే సుద్దులు ఎప్పుడూ మన వీపు వెనకే ఉంటాయి.

మధ్యాహ్నం రెండు దాటింది. సంచిలో బొగ్గులు సగమయ్యాయి. ఉత్సాహం తగ్గలేదు, కానీ దానికి భయం తోడైంది. అప్పుడు కింద గదిలోంచి పిలుపు వచ్చింది.

"కాలేషా గారూ, మీ డబ్బా తెచ్చుకోండి. నా దగ్గర కూర్చుని తినండి."

ఆ గదిలో పేతురు మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. భుజాలు వెడల్పుగా ఉన్నాయి గానీ వాటికి వేలాడుతున్న చొక్కాలో మనిషి సగమే ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గడ్డం నున్నగా గీసుకుని, ఒంటి నిండా పౌడరు కొట్టుకున్నాడు. మంచం పక్కన నడిచేందుకు పట్టుకునే అల్యూమినియం ఫ్రేము, గోడ వారగా సర్దిపెట్టిన బ్యాగు. కిటికీ గట్టు మీద రంగురంగుల సువాసన బిళ్ళలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఉండండి," అని ఆయన మంచం కోడుకి అతికించిన తెల్ల మీట నొక్కాడు. మేడ మీద ఎక్కడో పిట్ట కూసినట్టు వినిపించింది. ఆ వెంటనే హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు, మెట్ల మీద అడుగులు, పైన తలుపు మూసుకున్న చప్పుడు. పేతురు ఫ్రేము పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి, చేతులు మాత్రం కడుక్కుని వచ్చాడు.

"కాలింగ్ బెల్లండి. నేను బాత్రూంకి వెళ్ళేటప్పుడు పడిపోతానేమోనని కోడలు కొంది. మంచి పిల్ల. మొదట్లో ఇది నొక్కితే కిందికి వచ్చేవారు. ఇప్పుడు పైకి వెళ్తన్నారు." ఆయన మామూలుగానే చెప్పాడు. "పోనీలెండి, వాళ్ళు పైకి వెళ్ళడానికైనా ముందుగా నొక్కాలి కదా. మర్చిపోకుండా నొక్కుతాను."

కాలేషా డబ్బా మూత తీశాడు. పేతురు పళ్ళెంలో పిడికెడు అన్నం, కాస్త మజ్జిగ. ఆపైన తినడట. ఎక్కువ తింటే ఎక్కువసార్లు మీట నొక్కాల్సి వస్తుందని ఆయన లెక్క. కాలేషా తన పప్పు సగం ఆయన పళ్ళెంలో వేశాడు.

"మీరు ముక్కు కాలేషా అంటగా," అన్నాడు పేతురు. "ఒక్క మాట అడుగుతాను. వీళ్ళు మొహమాటస్తులు, నిజం చెప్పరు. మీరు పైవారు, మీకు మొహమాటం ఉండదు. నా దగ్గర వాసన వస్తంటందా?"

కాలేషా చేతిలో ముద్ద ఆగిపోయింది. లేదండి అనడానికి ఎంతసేపు. నాలుగేళ్ళుగా ఎన్ని గుమ్మాల్లో నాటకం ఆడలేదు. కానీ ఆ ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తీర్పు కోసం నిలబడ్డ మనిషిలా చూస్తున్నాడు. అలాంటి మనిషికి దొంగ సాక్ష్యం చెప్పడానికి నోరు రాలేదు.

"నాకు వాసన తెలీదండి బాబాయి గారూ," అన్నాడు. "జ్వరం వచ్చినప్పుడు పోయింది. నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. పొగ వేసి కళ్ళతో చూసి చెబుతానంతే."

పేతురు తల వంచుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని కాలేషా కంగారుపడ్డాడు. నవ్వుతున్నాడు.

"అదా సంగతి. ఇంతసేపు నా పక్కన కూర్చుని కడుపు నిండా అన్నం తింటన్నారేంటా అనుకున్నాను."

ఇద్దరూ నవ్వారు. మనసులో నాలుగేళ్ళుగా దాచుకున్న బరువు ఇంత తేలిగ్గా దిగిపోతుందని కాలేషా అనుకోలేదు. పేతురు పప్పూ అన్నం కలుపుకుని, చాలా రోజుల తర్వాత ఆకలిగా తిన్నాడు.

"ముప్పై రెండేళ్ళు చేపల ప్యాకింగండి నాది," అన్నాడు తింటూ. "కొల్లేటి చెరువుల మీద ఐసు పగలగొట్టి ట్రేల్లో పోసి లారీలకి ఎత్తేవాణ్ణి. ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు. ఆ వాసనతోనే ఇంటికి వచ్చేవాణ్ణి, ఆ వాసనతోనే మావాణ్ణి ఎత్తుకునేవాణ్ణి. అప్పుడు ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఈ ఇల్లంతా ఆ వాసనేగా."

"ఆశ్రమం దేనికండి? దగ్గరవాళ్ళు ఎవరూ లేరా?"

"తాడేపల్లిగూడెంలో మా చెల్లెలుంది, సూరమ్మ. స్టేషను దగ్గర ఉంటది. వారం వారం ఫోన్ చేసి రమ్మంటది. దానిది ఒంటిగది ఇల్లండి. ఈ వాసన మోసుకెళ్ళి దాని నెత్తిన పెట్టలేను. ఆశ్రమంలో అయితే అందరం ముసలోళ్ళమే, ఎవరి వాసన ఎవరిదో తెలీదు."

అప్పుడు పేతురు మాట ఆపేశాడు. ముక్కు ముడుచుకున్నాడు. మొహం చిన్నబోయింది.

"అదిగో వచ్చింది. గాడిద మోసినట్టు మోస్తన్నాను దీన్ని. ఇప్పుడు నేనేం చేయలేదండి, మీ ఎదురుగానే కూర్చున్నాను."

కాలేషా చెంగున లేచాడు. వాసన అతనికి తెలీదు. కానీ ఒక్క క్షణం ముందు అతని చెవులు ఒకటి విన్నాయి. పైన ఎవరో ఫ్లష్ నొక్కారు. దాని వెనకే పేతురు బాత్రూంలో, నేల మీది జాలీ కింద, బోర్లించిన చెంబులోంచి నీళ్ళు పోయినట్టు గుడగుడమని చప్పుడైంది.

"బాబాయి గారూ, ఎప్పుడూ ఇంతేనా? ముందు ఆ చప్పుడు, తర్వాత వాసన?"

"చప్పుడు సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదండి."

కాలేషా బాత్రూంలోకి పరిగెత్తి జాలీ పీకి టార్చి వేశాడు. జాలీ కింద చిన్న గిన్నె లాంటి బిగింపు ఉంటుంది. అందులో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండాలి. ఆ నీళ్ళే లోపలి గాలికి అడ్డు తలుపు. పొద్దున అతను చూసినప్పుడు నిండుగా ఉంది. ఇప్పుడు అడుగు కనిపిస్తోంది.

"చంటి బాబూ," అని కేకేశాడు. "మీరు పైనే ఉండండి. నేను చెప్పినప్పుడు ఫ్లష్ నొక్కండి. బిందమ్మా, మీరు పెరట్లోకి వెళ్ళి ఆ మర తిప్పండి."

గిన్నెలో రెండు చెంబుల నీళ్ళు పోసి నింపాడు. పేతురు ఫ్రేము పట్టుకుని బాత్రూం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెరట్లో మర తిరుగుతోంది. నేలలో పొగ నిండుతోంది. నీళ్ళు అడ్డం ఉన్నంతసేపు జాలీ దగ్గర ఏమీ లేదు.

"నొక్కండి బాబూ."

పైన నీళ్ళు దూకిన చప్పుడు. జాలీ కింద గుడగుడ. గిన్నెలో నీళ్ళు ఎవరో గొంతుతో పీల్చుకున్నట్టు లోపలికి పోయాయి. మరుక్షణం నల్లటి బొక్కలోంచి తెల్లటి సాంబ్రాణి పొగ లేచి, బాత్రూం నిండి, గుమ్మంలో నిలబడ్డ పేతురు మోకాళ్ళ చుట్టూ పాకింది.

"చూశారా," అన్నాడు కాలేషా.  "వాసన మీది కాదు. పైన నీళ్ళు పోయినప్పుడల్లా మీ దగ్గర తలుపు తెరుచుకుంటోంది. మీరు మీట నొక్కగానే అందరూ పైకి వెళ్తారు, అక్కడ ఎవరో ఒకరు ఫ్లష్ కొడతారు. అదే మీ నెత్తి మీద పడుతోంది."

పేతురు పొగలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. "సాంబ్రాణి బాగుందండి," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అది పొగ వల్లో కాదో కాలేషా అడగలేదు. అడిగే తీరికా లేదు. నీళ్ళు ఎందుకు లాక్కుపోతున్నాయో తేలాలి. పైకి పోవాల్సిన గాలికి దారి లేకపోతేనే అలా జరుగుతుంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి. లెక్కచేయలేదు.

డాబా మీద దండెం మీది చీరలు పక్కకి లాగాడు. గాలి గొట్టం ఉంది. నాలుగడుగుల ఎత్తున నిటారుగా ఉంది. దాని నోట్లో లావుపాటి వెదురు బొంగు దిగేసి, చుట్టూ గుడ్డలు కుక్కి, పైన సిమెంటు మెత్తి ఉంది. దండెం తాడు ఆ బొంగుకే కట్టారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని.

వెనకాలే వచ్చిన చంటి ఆ బొంగుని చూసి నిలబడిపోయాడు.

"అది స్టార్ కట్టిన బొంగండి," అన్నాడు. "నాన్న క్రిస్మస్‌కి ఆస్పత్రి నుంచి వస్తన్నాడని, హైవే మీంచే కనపడేలా ఎత్తుగా కట్టాలనుకున్నాను. గొట్టం గట్టిగా ఉంది కదాని అందులో దిగేశాను. స్టార్ తీసేశాం గానీ బొంగు ఉండిపోయింది. దండేనికి పనికొస్తందని." అతను సిమెంటు అంచుని గోటితో గీకాడు. "ఆ స్టార్ చూసి నాన్న అంబులెన్సులోనే ఏడ్చాడండి."

కాలేషా సుత్తీ ఉలీ తీశాడు. మూడున్నరైంది. సిమెంటు పెచ్చులు ఊడగొట్టి, ఇద్దరూ బొంగు పట్టుకుని అటూ ఇటూ ఊపి, ఒక్కసారిగా పైకి లాగారు. గుడ్డ పేలికలతో సహా ఊడొచ్చింది. ఏడు నెలలుగా లోపల మగ్గిన గాలి బుస్సుమని చంటి మొహాన కొట్టింది. అతను వెనక్కి తిరిగి చొక్కా అంచుతో ముక్కు మూసుకున్నాడు. కాలేషాకి ఏమీ తెలియలేదు. అతను ఆ గొట్టం నోట్లోకే తొంగి చూస్తున్నాడు.

అప్పుడు పొగ వచ్చింది. ముందు సన్నటి దారంలా, తర్వాత జడలా, తర్వాత స్తంభంలా, తెల్లగా, తిన్నగా పైకి లేచింది. మబ్బు విడిన ఆకాశంలోకి, కొల్లేటి వైపు పోయింది. కాలేషా పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి చూశాడు. వాకిట్లో పేతురు ఫ్రేము పట్టుకుని తలెత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"బాబాయి గారూ, కనిపిస్తోందాండీ?"

"హైవే మీంచి కూడా కనిపిస్తదండి," అన్నాడు పేతురు.

కాలేషాకి ఆ క్షణంలో డాబా మీంచి ఎగిరి దూకాలనిపించింది. వాళ్ళ నాన్న బజారంతా పొగ వేసి తిరిగిన ఇన్నేళ్ళలో ఎవరికి ఏ దిష్టి పోయిందో తెలీదు. ఇవాళ మాత్రం ఒక మనిషి మీంచి పోయింది.

కిందికి దిగేసరికి బిందు మామగారి చేతులు పట్టుకుని ఏడుస్తోంది. మసి అంటిన చేతులతో మొహం తుడుచుకుని చారలు చేసుకుంది. "మావయ్య గారూ, బ్యాగు లోపల పెట్టేస్తానండి. రాత్రికి కొర్రమీను పులుసు పెడతాను. ఆదివారం ప్రార్థన మనింట్లోనే పెట్టుకుందాం."

"పెట్టుకోండమ్మా," అన్నాడు పేతురు. "బ్యాగు మాత్రం ఉండనీ."

గేటు దగ్గర ఆటో హారన్ మోగింది. పేతురు అటు తిరిగి, "బాబూ, కైకలూరు కాదు. తాడేపల్లిగూడెం పోనివ్వాలి, స్టేషను దగ్గరికి," అన్నాడు.

చంటి మెట్ల మీదే ఆగిపోయాడు. "అదేంటి నాన్నా. వాసన నీది కాదని తేలిపోయిందిగా. ఇంకెందుకు వెళ్ళడం?"

"తేలింది కాబట్టే చెల్లెలింటికి వెళ్తన్నానురా. నాదే అయ్యుంటే ఆశ్రమానికే పోదును."

"కోపం వచ్చిందా నాన్నా?"

"నా మీద ప్రేమతోనే కదరా ఆ బొంగు పాతావు. కోపమేముంది." ఆయన కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడు నెలలు ఆ పిట్ట కూసినప్పుడల్లా పైన మీరు తలుపేసుకున్న చప్పుడు విన్నాను. దాన్ని కొంచెం మర్చిపోనీ. తర్వాత వస్తాను."

  కాలేషా బ్యాగు అందుకుని ఆటోలో పెట్టాడు. పొద్దుట్నుంచీ పొంగిన గుండె ఇప్పుడు ఎటు పోవాలో తెలీక నిలబడిపోయింది. గెలిచాడు. ఆయన ఉండిపోతేనే గెలుపని పదింటి నుంచి అనుకుంటూ వచ్చాడు. ఆయనేమో తల దించుకుని పోవాల్సిన చోటికి కాకుండా, తలెత్తుకుని పోగలిగే చోటికి పోతున్నాడు. అదీ గెలుపేనా అని ఎవరిని అడగాలి?

పేతురు ఆటోలో సర్దుకుని కూర్చుని అతని చెయ్యి దగ్గరికి లాక్కున్నాడు. "మీ సంగతి నాతోనే ఉంటది," అన్నాడు చిన్నగా. "ఇంటావిడకి మాత్రం చెప్పేయండి. ఆడవాళ్ళు ఎప్పుడో కనిపెట్టి ఉంటారు, మనం చెబుతామని చూస్తంటారు."

వెల్లుల్లి ఘాటు కొడతది. మెంతికూర. నిన్న డబ్బాలో పులిహోర, దానికి ముందు రోజు పుదీనా. కాలేషాకి ఒక్కసారిగా అన్ని డబ్బాలూ గుర్తొచ్చాయి. నాలుగేళ్ళుగా మహబూబ్ బీ అతని ముక్కు పని కూడా తనే చేస్తోంది. ఆటో హైవే వైపు తిరిగిపోయేదాకా అతను గేటు పట్టుకుని అలాగే ఉన్నాడు.

చంటి మేడెక్కి తన గదిలోకి వెళ్ళిపోయాడు. కాలేషా రబ్బరు గొట్టం చుట్టి, బొగ్గుల మీద నీళ్ళు చల్లి, గిన్నె తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. టిఫిన్ డబ్బా పేతురు గదిలోనే ఉండిపోయిందని గుర్తొచ్చి లోపలికి వెళ్ళాడు. బిందు మంచం మీది దుప్పటి తీస్తోంది.

"ఒకసారి చూసి చెప్పండి బాబాయి గారూ," అంది. "పూర్తిగా పోయిందాండీ?"

కాలేషా గది మధ్యలో నిలబడి గాలి పీల్చబోయి, ఆగాడు. "మీరే చూసుకోండమ్మా," అన్నాడు.

ఆమె తల తిప్పుకుని, దుప్పటి కొసను కోడు చుట్టూ గట్టిగా లాగింది. ఆమె చెయ్యి తగిలి మీట నొక్కుకుంది. మేడ మీద పిట్ట కూసింది. వెనువెంటనే, అలవాటు చొప్పున, పైన తలుపు దభాలున మూసుకుంది.

కాసేపటికి ఆ తలుపు మళ్ళీ మెల్లగా తెరుచుకున్న చప్పుడైంది. బిందు దుప్పటి గుండెలకి అదుముకుని నేల మీద కూలబడింది. ఆమె మొహానికి సమంగా, మంచం కోడుకి ప్లాస్టరుతో అతికించిన తెల్ల మీట ఉంది. దాని మీది గంట బొమ్మ ఒక ముసలి బొటనవేలి రాపిడికి సగం చెరిగిపోయింది.